కీరియె ఎలెయిసోన్: అర్థమును వినియోగమును

క్రైస్తవుల ప్రార్థనలలో మిక్కిలి చిన్నదియు మిక్కిలి తఱచుగాఁ బలుకఁబడునదియు నగు ప్రార్థన యొకటి కలదు. అది "కీరియె ఎలెయిసోన్" అను రెండు గ్రీకు పదములు. గ్రీకు దేవాలయములలోను, లాటిను పూజావిధిలోను, ఐగుప్తు సిరియాదేశముల ప్రాచీన సంఘములలోను ఈ మాటలు వినఁబడును. అర్మేనియనులు, స్లావులు మొదలగువారు వీనిని దమ భాషలలోనికి మార్చుకొనిరి. కేరళమునందలి పశ్చిమ సిరియా సంప్రదాయమువారి నోట నివి యొకే మాటగాఁ గలిసి "కుర్యేలైసోన్" అయి నేఁటికిని నిలిచియున్నవి. తెలుఁగు దేశమునందలి కతోలిక దేవాలయములలో లాటినునకు బదులు తెలుఁగు ప్రవేశించిన 1960 తరువాతి దశాబ్దివఱకును పూజాకాలమున ఈ గ్రీకు మాటలే పలుకఁబడుచుండెను.

ఇంత చిన్న ప్రార్థననుగూర్చి విచారింపవలసిన దేమున్నదని తోఁపవచ్చును. కాని యిందు రెండు ప్రశ్నలు గలవు. దీనిచే భక్తుఁడు కోరునది పాపక్షమయా, ఆపదనుండి రక్షణమా యనునది మొదటిది. లాటిను భాషలో నడచిన పూజావిధి నడుమ నీ గ్రీకు మాట యెట్లు వచ్చి యేల నిలిచెననునది రెండవది. మొదటిది శబ్దార్థమునకు, రెండవది చరిత్రకు సంబంధించినవని కనఁబడును. కాని నిదానించి చూచినచో నీ ప్రార్థన యర్థము దాని వినియోగచరిత్రనుండి వేఱుచేయరానిదని తెలియును.

శబ్దవిచారము

"కీరియె" అనునది "కీరియోస్" అను శబ్దమునకు సంబోధనైకవచనము. ప్రభువు, యజమానుఁడు, అధికారము గలవాఁడు అని దాని యర్థము. ఇది యొక్క దైవమునకే చెల్లు శబ్దము కాదు. దాసుఁడు యజమానునియు, ప్రజలు చక్రవర్తినియు నీ మాటతోనే పేర్కొనిరి. హెబ్రీ వేదము గ్రీకులోనికి మార్చఁబడుట క్రీ. పూ. 3వ శతాబ్దిని అలెగ్జాండ్రియా పట్టణమున నారంభమయ్యెను. క్రైస్తవులకుఁ బరంపరగా వచ్చిన యా గ్రీకు వేదప్రతులలో యూదు లుచ్చరింపని దేవనామమునకు బదులు కీరియోస్ శబ్దమే కలదు. ఇట్లు రాజగౌరవమును దైవగౌరవమును గూడ నీ శబ్దమున కబ్బెను. ఈ రెండు గౌరవములకును సంఘర్షణము గలిగిన సందర్భములును గలవు. క్రీ. శ. 2వ శతాబ్దిని స్ముర్నా పట్టణపు బిషప్పగు పోలికార్పును, సీజరే ప్రభువని యొక్క మాట పలికి ప్రాణము దక్కించుకొమ్మని యధికారులు బోధింపఁగా, నతఁడు పలుకక ప్రాణములు విడిచెను. కావున "కీరియె" అని యొకనిఁ బిలుచుట నాఁడు లాఁతి విషయము కాదు.

"ఎలెయిసోన్" అనునది "ఎలెఓ" అను ధాతువుయొక్క విధ్యర్థక మధ్యమపురుషైకవచనము. గ్రీకు వ్యాకరణమున విధ్యర్థకము రెండు తెఱఁగులు. జరుగుచుండవలసిన క్రియను దెలుపునది యొకటి. ఒక్క క్రియగా నెఱవేఱవలసినదానిని దెలుపునది వేఱొకటి. తెలుఁగున "కరుణించుచుండుము", "కరుణింపుము" అనువానికిఁ గల భేదమువంటి దిది. ప్రస్తుతరూపము రెండవ తెఱఁగునకుఁ జెందినది. ప్రార్థనలలో సామాన్యముగా వాడఁబడునదియు నదియే. ఇందుఁ గర్మపదము లేకుండుటయు గమనింపఁదగినది. "నన్ను" అనిగాని "మమ్ము" అనిగాని "వారిని" అనిగాని లేదు. ఎవరికొఱకు వేఁడఁబడుచున్నదో యామాట సందర్భమునుండి గ్రహింపవలసియున్నది. ఈ లోపమే తరువాత దీనికి గొప్ప వ్యాప్తిని గలిగించిన గుణమయ్యెను.

ఈ ధాతువునకు మూలమగు "ఎలెఓస్" అను నామవాచకమునకుఁ బరుల దుఃఖముఁ జూచినప్పుడు కలుగు మనోద్రవమని యర్థము. ఈ శబ్దమునకును నూనె యని యర్థమిచ్చు "ఎలాయోన్" శబ్దమునకును సంబంధము గలదని కొందఱు ప్రబోధకులు చెప్పుదురు. గాయముపైఁ బోయఁబడు నూనెవలె దైవకరుణయు బాధ నుపశమింపఁజేయునని వారి భావము. భావము రమ్యమే కాని వ్యుత్పత్తి నిలువదు. గ్రీకుల యుచ్చారణ మాఱి "ఆయ్" అను సంధ్యక్షరము "ఎ"కారముగా మాఱిన తరువాత, "ఎలాయోన్" అనునదియు, "ఎలెఓస్" శబ్దముయొక్క ద్వితీయైకవచనమును జెవికి నొక్కటే యయ్యెను. ఆ సామ్యమే యీ వ్యుత్పత్తికిఁ దావిచ్చెను. 1952లో మైకేలు వెంట్రిసు చదివిన లీనియరు-బి లిపి ఫలకములలో నూనెను దెలుపు శబ్దమున "వ"కారము గలదు. లాటినులోని "ఒలీవ" అను రూపమునను నదియే నిలిచియున్నది. ఎలెఓస్ శబ్దమున నట్టి వకారపు జాడ లేదు. కావున నిది శ్రవణసామ్యముచేఁ గల్పింపఁబడిన వ్యుత్పత్తియే కాని శాస్త్రసిద్ధము కాదు.

హెబ్రీ వేదమున "హనన్" అను ధాతువునకు గ్రీకు ననువాదకులు తఱచుగా "ఎలెఓ" ధాతువును, "హెసెద్" అను నామవాచకమునకు "ఎలెఓస్" శబ్దమును వాడిరి. మొదటిది యధికుఁడు తనకంటెఁ దక్కువవానిపైఁ జూపు ననుగ్రహమును, రెండవది నిబంధనమునకుఁ గట్టుబడి తప్పక నిలుచు ప్రేమను దెలుపును. ఈ రెంటిలో నెద్దానికిని ముందుగా నొక యపరాధముండి తీరవలెనను నియమము లేదు. 6వ కీర్తనలో వ్యాధిచే నెముకలు వడఁకు రోగి యీ ధాతువుతోనే వేఁడును. 51వ కీర్తనలోఁ బాపి యీ ధాతువుతోనే వేఁడును. అనఁగాఁ బాపక్షమ యీ శబ్దార్థములో నొక భాగమే కాని శబ్దార్థమంతయుఁ గాదు.

తెలుఁగు బైబిలును బరిశీలించినచో నీ సంగతి మఱింత విశదమగును. గ్రుడ్డివారు మొఱపెట్టు చోట నీ ధాతువునకుఁ "గరుణించుట" యని తెనిఁగింపఁబడినది. కొండమీఁది ప్రసంగమున ధన్యులఁ బేర్కొను చోట నీ శబ్దమునకే "కనికరము" కలదు. 136వ కీర్తన పల్లవిలో "కృప" యున్నది. దొంగలచేఁ గొట్టఁబడినవానికి సమరయుఁడు చేసిన యుపకారమును జెప్పునప్పుడు "జాలి" వాడఁబడినది. ఈ శబ్దమునుండియే పుట్టి భిక్షాదానమును దెలుపు "ఎలెఏమోసునే" యను పదమునకు "ధర్మము" అని కలదు. ఇంగ్లీషువారి "ఆమ్సు", జర్మనుల "ఆల్మోజెన్" అను పదములును నీ గ్రీకు పదముయొక్క వికృతులే. ఒక గ్రీకు కుటుంబమునకుఁ దెలుఁగునఁ గరుణ, కనికరము, కృప, జాలి, ధర్మము అని యైదు పేళ్లు కావలసివచ్చెను. ఈ యైదింటిలోను క్షమ లేదు.

పూర్వప్రయోగములు

ఈ రెండు పదముల కూర్పు క్రైస్తవులు క్రొత్తగాఁ గల్పించినది కాదు. దాసుఁడుగాఁ బుట్టి విముక్తిఁ బొంది నికొపోలిసు పట్టణమున వేదాంతబోధ గావించిన ఎపిక్టీటసు భాషణములను శిష్యుఁడగు అర్రియను వ్రాసి పెట్టెను. అందు రెండవ సంపుటమున శకునశాస్త్రమును గూర్చిన ప్రకరణమొకటి కలదు. జనులు భవిష్యత్తునకు వెఱచి వడఁకుచు, శకునము చెప్పువానిముందు నిలిచి, ఈ మాటలతోనే వేఁడి, తమ్ము గండమునుండి తప్పింపు మందురని యతఁడు వారి పిఱికితనమును గర్హించును. ఇది క్రీ. శ. 2వ శతాబ్ది తొలి కాలపు ప్రయోగము. వేఁడువాఁడు తన తప్పు నొప్పుకొనుటలేదు. రానున్న కీడు తప్పవలెనని కోరుచున్నాఁడు.

సువార్తలలో నీ మొఱను బెట్టినవా రెవ్వరో విచారింపవలెను. మత్తయి సువార్తలో దయ్యము పట్టిన కూఁతురుగల కనానీయ స్త్రీ, మూర్ఛరోగియగు కుమారునిఁ దెచ్చిన తండ్రి, త్రోవప్రక్కఁ గూర్చున్న యిద్దఱు గ్రుడ్డివారు. మార్కు సువార్తలో బర్తిమయి యను గ్రుడ్డి బిచ్చగాఁడు. లూకా సువార్తలోఁ బదుగురు కుష్ఠరోగులు. వీరిలో నొక్కఁడును దన పాపమును జెప్పుకొని యేడ్చినవాఁడు కాఁడు. ఒకరికిఁ జూపు కావలెను. ఒకరికి బిడ్డ యారోగ్యము కావలెను.

పాపమును జెప్పుకొన్నవాఁ డొకఁడు లూకా సువార్త 18వ అధ్యాయమున నున్నాఁడు. అతఁడు దేవాలయమున దూరముగా నిలిచి ఱొమ్ము కొట్టుకొన్న సుంకరి. కాని యతని నోట నున్న గ్రీకు ధాతువు వేఱు. అది "హిలాస్కొమాయ్", కోపమును శాంతింపఁజేసికొని ప్రసన్నుఁడగుట యని దాని యర్థము. తెలుఁగు బైబిలులో నచ్చటను "కరుణించు" ధాతువే వాడఁబడుటచే నీ భేదము పాఠకునకుఁ దెలియకపోవును. మూలమున నిది స్పష్టము. రోగి మొఱకు నొక ధాతువు, పాపి మొఱకు నొక ధాతువు.

సభలోఁ బ్రత్యుత్తరము

ఒక్కొక్కని మొఱగా నున్న యీ వాక్యము సంఘమంతయు నొక్కుమ్మడిఁ బలుకు ప్రత్యుత్తరముగా నెప్పుడు మాఱెను? క్రీ. శ. 4వ శతాబ్ది చివరి భాగమునకుఁ జెందిన రెండు సాక్ష్యములు దీనిని జూపుచున్నవి.

మొదటిది క్రీ. శ. 380 ప్రాంతమున సిరియాదేశమునఁ గూర్పఁబడిన "అపొస్తలుల శాసనములు" అను గ్రంథము. అందలి 8వ భాగమునఁ బూజావిధి చెప్పఁబడినది. పరిచారకుఁడు సంఘముముందు నిలిచి యొక్కొక్క మనవిని బ్రకటించును. ప్రతి మనవికిని జనులు "కీరియె ఎలెయిసోన్" అని పలుకవలెననియు, అందఱికంటె ముందు పిల్లలు పలుకవలెననియు విధింపఁబడినది. ఈ మనవులు వరుసగా నాలుగు వర్గములవారికొఱకుఁ జేయఁబడును. ఉపదేశము వినుచున్నవారు, భూతపీడితులు, జ్ఞానస్నానమునకు సిద్ధమగువారు, పాపములకై ప్రాయశ్చిత్తము చేయువారు అని యా వర్గములు. ప్రాయశ్చిత్తము చేయువారు నలువురిలో నొక్కరు మాత్రమే. నలువురకును బ్రత్యుత్తర మొక్కటే.

రెండవది ఎగేరియా యను పశ్చిమదేశపు స్త్రీ తన తోడి భక్తురాండ్రకు వ్రాసిన యాత్రావృత్తాంతము. ఈమె క్రీ. శ. 381-384 ప్రాంతమున యెరూషలేమున నుండెను. ఈ గ్రంథముయొక్క ప్రతి యిటలీలోని అరెజ్జో పట్టణమున 1884లో బయల్పడెను. సాయంకాలపుఁ బ్రార్థనయందుఁ బరిచారకుఁ డొక్కొక్కరి పేరు చదువుచుండఁగాఁ బలువురు చిన్న పిల్లలు నిలుచుండి ప్రతి పేరునకును గీరియె ఎలెయిసోన్ అని బదులు పలుకుదురనియు, వారి స్వరములకు లెక్క లేదనియు నామె వ్రాసినది. అంతియకాదు, ఆ మాటలకుఁ దమ భాషలో నిది యర్థమని లాటిను వివరణమునుగూడఁ జేర్చినది. ఈ చిన్న వివరణము మిక్కిలి విలువగలది. ఆమె స్వదేశమున నీ గ్రీకు మాటలు నిత్యము వాడఁబడుచున్నచో వాని యర్థము చెప్పవలసిన పని లేదు.

ఈ పద్ధతిని దెలుఁగు పండితులకు విశదపఱుప నొక పోలిక చాలును. శతకమునఁ బద్యము పద్యమునకు విషయము మాఱుచుండును, మకుటము మాఱదు. ఇచ్చటఁ బరిచారకుని మనవులు పద్యములు. జనుల ప్రత్యుత్తరము మకుటము. మకుటమున కర్థము తనకుఁ దానుగాఁ గొంతయు, ముందున్న పద్యమువలనఁ గొంతయు నేర్పడును. గ్రీకు దేవాలయములలో నేఁటికిని నీ పద్ధతి చెక్కు చెదరలేదు. లోకశాంతికొఱకు, పట్టణముకొఱకు, వాతావరణము ననుకూలించుటకు, పంటల సమృద్ధికి, జలమార్గమున భూమార్గమునఁ బయనించువారికి, రోగులకు, చెఱలో నున్నవారికి అని వరుసగా మనవులు సాగును. ప్రతిదానికిని గీరియె ఎలెయిసోన్ అని యుత్తరము వచ్చును. పంట పండవలెనని వేఁడునప్పుడు దానికిఁ బాపక్షమ యని యర్థము చెప్పుట పొసఁగదు.

రోమునకు వచ్చిన తీరు

ఇఁక రెండవ ప్రశ్న. రోములోని తొలి క్రైస్తవసంఘము గ్రీకు భాషనే వాడెననుట నిజము. ఆ భాష తొలఁగి లాటిను పూజాభాషగా స్థిరపడుట 4వ శతాబ్ది చివరకుఁ బూర్తియయ్యెను. అప్పుడు మిగిలిపోయిన గ్రీకు శేషమే యీ ప్రార్థన యని సామాన్యముగాఁ జెప్పుదురు. వినుట కింపుగా నున్నను నీ మతమునకుఁ జరిత్రాధారములు ప్రతికూలముగా నున్నవి.

క్రీ. శ. 529లో గాలుదేశమున వేసో పట్టణమునఁ గూడిన సభకు ఆర్లు పట్టణపు బిషప్పగు కెసారియసు అధ్యక్షుఁడు. ఆ సభ తన 3వ శాసనమున, రోమునను, తూర్పుదేశములలోను, ఇటలీలోను నీ ప్రార్థనను దఱచుగాఁ బలుకు మంచి యాచారము ప్రవేశపెట్టఁబడెనని చెప్పి, తమ దేవాలయములలోను ఉదయప్రార్థనమున, పూజలో, సాయంకాలప్రార్థనమున దీనిని బలుకవలెనని విధించెను. పూర్వమునుండి వచ్చుచున్నదని చెప్పక ప్రవేశపెట్టఁబడెనని చెప్పుట గమనింపఁదగును. అదే శతాబ్దమున బెనెడిక్టు తన మఠనియమావళిలో దీనిని నిత్యప్రార్థనలలోఁ జేర్చెను.

క్రీ. శ. 598లో మహాగ్రెగొరీ సిరక్యూసు బిషప్పగు యోహానునకు వ్రాసిన లేఖ మఱియు స్పష్టము. గ్రెగొరీ కన్‌స్టాంటినోపిలు నాచారములను రోమునకుఁ దెచ్చుచున్నాఁడని సిసిలీలోఁ గొందఱు సణిఁగిరి. వారెత్తిన యాక్షేపములలోఁ గీరియె ఎలెయిసోన్ పలికించుట యొకటి. అతని సమాధాన మిది: గ్రీకులు దీనిని బలుకు విధము వేఱు, తాము పలుకు విధము వేఱు, వారు అందఱు నొక్కసారిగాఁ బలుకుదురు, రోములో మొదట గురువర్గము పలుకఁగా జనులు బదులు పలుకుదురు, గ్రీకులు పలుకని "క్రీస్తె ఎలెయిసోన్" అనుదానిని రోములో నన్ని మాఱులే పలుకుదురు. ఇది రోముయొక్క పూర్వాచారమే యయినచో గ్రెగొరీ యామాటయే చెప్పి యాక్షేపించువారి నోరు మూయించియుండును. అట్లు చెప్పక వినియోగభేదముచేతనే తన పక్షమును సమర్థించుకొనుట, ఇది తూర్పునుండి వచ్చినదని నాఁటివా రెఱిఁగియుండిరనుటకు సూచకము.

అక్షరసాక్ష్యమును దీని కనుకూలమే. మూలపదమునందలి దీర్ఘస్వరము ప్రాచీనోచ్చారణలో "ఏ"; అనఁగా "ఎలెఏసోన్". తరువాతి గ్రీకు నోట నది "ఈ"గా మాఱెను. తొలి కాలమున లాటినులోనికి వచ్చిన "ఎక్లేసియా" యను పదమున నదే స్వరము "ఏ"గానే నిలిచినది. ఈ ప్రార్థనలోనో "ఎలెయిసోన్" అని "ఇ"కారము గలదు. లాటినువారు దీనిని గ్రంథముఁ జూచి కాక, పాడుచుండఁగాఁ జెవితో విని గ్రహించిరని దీనివలనఁ దెలియును. ఒక్క యక్షరముమాత్రమే నిర్ణాయకము కాదు. వేసో శాసనముతోను, గ్రెగొరీ లేఖతోను జేరినప్పుడది బలవంతమగును.

ప్రశ్న పోయి ప్రత్యుత్తరము నిలుచుట

గ్రెగొరీ లేఖలో నింతకంటె ముఖ్యమైన వాక్య మొకటి కలదు. నిత్యపూజలలో సాధారణముగాఁ జెప్పఁబడు తక్కిన మాటలను విడిచిపెట్టి, ఈ వేఁడికోలు మాటలయందే మఱికొంతసేపు నిలుచుటకై, కీరియె ఎలెయిసోన్, క్రీస్తె ఎలెయిసోన్ అని మాత్రమే పలుకుదుమని యతఁడు చెప్పెను. విడువఁబడిన మాట లెవ్వి? అవి పరిచారకుని మనవులే యని పండితుల యభిప్రాయము. క్రీ. శ. 492 మొదలు 496 వఱకుఁ బోపుగా నుండిన గెలాసియసు పేర నట్టి లాటిను మనవులమాల యొకటి నిలిచియున్నది. అందు ఎండ, వాన, గాలి యనుకూలముగా నుండవలెననికూడ వేఁడఁబడినది. శతకపద్యములు పోయి మకుటము మాత్రము మిగిలినట్లయ్యెను. పద్యము లున్నంతవఱకు మకుటమున కర్థము చెప్పఁబనిలేదు. అవి పోయిన పిమ్మట, వేఁడఁబడున దేమియను ప్రశ్నకుఁ జోటు కలిగెను.

ఆ చోటును మొదట సంఖ్య యాక్రమించెను. క్రీ. శ. 700 ప్రాంతపు రోమను విధిగ్రంథము ప్రకారము గాయకులు పోపు సంజ్ఞ చేయువఱకు దీనిని బాడుచుండవలెను, నియతసంఖ్య లేదు. 9వ శతాబ్ది నాఁటికిఁ గీరియె మూఁడు, క్రీస్తె మూఁడు, మరల కీరియె మూఁడు, వెరసి తొమ్మిది యని స్థిరపడెను. ఈ మూఁడు త్రయములును దండ్రికి, కుమారునకు, పరిశుద్ధాత్మకు వరుసగాఁ జెందునని మధ్యయుగపు వ్యాఖ్యాత లర్థము చెప్పిరి. సంఖ్య ముందు, వ్యాఖ్యానము తరువాత. గ్రీకులలో 3, 12, 40 అను సంఖ్యలు నియతములు. సిలువ నెత్తిచూపు సెప్టెంబరు 14వ నాఁటి పండుగలో నూఱేసి చొప్పున నైదు మాఱులు, అనఁగా 500 సార్లు పాడుదురు.

ఖాళీని బూరించుటకు రెండవ యుపాయము క్రొత్త పదముల నడుమఁ జొప్పించుట. కీరియె యను మాటకును ఎలెయిసోన్ అను మాటకును నడుమ దీర్ఘముగా సాగు రాగమునకు సరిపోవునట్లు లాటిను విశేషణములను గూర్చి పాడిరి. ఐదవ పయసు పోపు 1570లో వెలువరించిన పూజాగ్రంథమున వీనికి స్థానము లేకపోయెను. 14వ శతాబ్దిలో మషో, 1733లో బాహు మొదలగు సంగీతవిద్వాంసులు పెక్కండ్రు ఈ రెండు పదములకే విస్తారమైన స్వరరచన చేసిరి.

జనుల నోట

విద్వాంసు లిట్లు వ్యాఖ్యానించుచుండఁగా, అక్షరము లెఱుఁగని జనులు దీనిని మఱియొక విధముగాఁ దమ సొత్తు చేసికొనిరి. క్రీ. శ. 881లో సొకూరు కడ నార్మనులతోఁ బోరిన లూయీ రాజును గీర్తించు ప్రాచీన జర్మను పద్యమున, రాజు పవిత్రగీతము పాడఁగా సైన్యమంతయు నొక్కసారి కీరియె ఎలెయిసోన్ అని పలికి యుద్ధమున కుఱికెనని కలదు. బొహీమియా చరిత్రకారుఁడగు కోస్మాసు 10వ శతాబ్దిని దీత్మరు బిషప్పు ప్రతిష్ఠనుగూర్చి వ్రాయుచు, సామాన్యజనులు "క్ర్లెషు" అని కేకలు వేసిరని చెప్పెను. అదియు నీ మాటయొక్క యపభ్రంశమే. చెకు భాషలోని మిక్కిలి ప్రాచీనమగు కీర్తనయు నీ మాటతోనే ముగియును. జర్మనులు ప్రతి చరణాంతమునను నీ మాట వచ్చు కీర్తనలను "లైజె" యని పిలిచిరి. ఎలెయిసోన్ అను పదమునందలి నడిమి భాగమే యిట్లు కీర్తనాజాతికిఁ బేరయ్యెను.

అర్థము చెప్పక ధ్వనిని మాత్రము నేర్పుటలోఁ గల యపాయమునకు మెర్సెబుర్గు బిషప్పగు థీట్మారు వ్రాసిన వృత్తాంత మొకటి చాలును. అతని పీఠమున మొదటి బిషప్పు, 970లో మృతినొందిన బోసో. అతఁడు తన యేలుబడిలోని స్లావులకు వారి భాషలోనే మాటలు వ్రాసి బోధించి, కీరియె ఎలెయిసోన్ పాడుఁడని, దాని ప్రయోజనమును వివరించెను. వారు పరిహాసమునకై దానిని "ఉక్రివొల్సా" యని మార్చి పాడిరి. పొదలో ఆల్డరు చెట్టు నిలిచియున్నదని వారి భాషలో దాని యర్థము. థీట్మారు వారిని నిందించెను. కాని పరభాషాధ్వని చెవిఁబడినప్పుడు దానిలోఁ దన భాషను వెదకికొనుట మనుష్యస్వభావము.

స్లావులే యీ ప్రార్థనను దమ భాషలో "గొస్పొది పొమీలుయ్" అని చెప్పికొన్నప్పుడు సంగతి వేఱుగా నుండెను. 1125లో మృతినొందిన కీవు ప్రభువు వ్లదీమిరు మోనోమాహు తన కుమారులకు వ్రాసిన బోధనలో, గుఱ్ఱముపైఁ బోవుచు వేఱు పని లేనప్పుడు, ఇతరప్రార్థనలు రానివారు దీనినే మనస్సులో నెడతెగక చెప్పికొనవలెననియు, వ్యర్థముగా నేదో యాలోచించుటకంటె నిది మేలనియు నుపదేశించెను. సభలోని ప్రత్యుత్తరము మరల నొక్కని మాటయయ్యెను.

ఈ యేకాంతవినియోగమే సీనాయి, ఆథోసు పర్వతముల మునులలో యేసు నామముతోఁ గూడిన దీర్ఘరూపమును దాల్చెను. ప్రభువగు యేసు క్రీస్తును దేవకుమారునిగా సంబోధించి, పాపినైన తన్నుఁ గరుణింపుమని వేఁడుట దాని స్వరూపము. గ్రుడ్డివాని క్రియాపదమును, సుంకరి యాత్మవిశేషణమును నిందొక్కటిగాఁ గలిసినవి. ఆపద్బాంధవుని కొఱకైన మొఱయుఁ, బాపి పశ్చాత్తాపమును జేరిన చోటిది. 14వ శతాబ్దిని దీనిని గూర్చి పుట్టిన వివాదమున గ్రెగొరీ పలమాసు మునుల పక్షమున వాదించెను. 1341, 1351 సంవత్సరములఁ గన్‌స్టాంటినోపిలు సభ లతని పక్షమునే నిలిపెను. 1782లో వెనిసు పట్టణమున ముద్రింపఁబడిన "ఫిలోకాలియా" యను సంకలనముచే నీ యభ్యాసము మఠములు దాఁటి వ్యాపించెను.

అర్థపరిణామము

ఇప్పుడు మొదటి ప్రశ్నకు మరలవచ్చును. మూలమున నాపద్రక్షణమునకు, ఆరోగ్యమునకు, పంటకు, ప్రయాణమునకు నుద్దేశింపఁబడిన ప్రార్థన పాపక్షమాప్రార్థనగాఁ దలంపఁబడుట యెట్లు? వేసో సభయే దీనిని గొప్ప మనోవేదనతోఁ బలుకవలెనని చెప్పినది. అనఁగాఁ బశ్చాత్తాపచ్ఛాయ 529 నాఁటికే సోఁకెను. మనవులు లోపించిన పిదప నీ ఛాయ దట్టమయ్యెను. ఇంగ్లండు సంఘము 1549లో వెలువరించిన ప్రార్థనగ్రంథమున నీ తొమ్మిది పలుకులును నింగ్లీషున నుండెను. 1552 నాఁటి సంస్కరణమునఁ బదియాజ్ఞలు చదువఁబడు విధి యేర్పడి, యొక్కొక్క యాజ్ఞకు నీ వేఁడికోలు ప్రత్యుత్తరమయ్యెను. పూర్వము పంటకుఁ బ్రత్యుత్తరముగా నున్నది యిప్పు డాజ్ఞాతిక్రమమునకుఁ బ్రత్యుత్తరమయ్యెను. మకుట మదియే, పద్యము మాఱినది. 1969లో ఆఱవ పౌలు పోపు ప్రకటించిన రోమను పూజావిధిలో నిది పాపాంగీకారమును వెన్నంటి వచ్చును. అయినను ఆ విధికిఁ జేర్చిన సామాన్యోపదేశము, ఇది విశ్వాసులు ప్రభువును గొనియాడి యతని కరుణను వేఁడు గానమని చెప్పుచున్నది, పాపవిమోచనవాక్యమని చెప్పుటలేదు.

ఈ విచారణవలన ననువాదకులకు నొక సూత్రము లభించును. తెలుఁగున "క్షమింపుము" అనుమాట యపరాధము నపేక్షించును. "కరుణింపుము" అనుమాట దుఃఖము నపేక్షించును. అపరాధమున్నచో దానినిగూడఁ దనలో నిముడ్చుకొనును. తెలుఁగు పాఠకులకు నీ భేదము పోతన భాగవతము అష్టమస్కంధమువలనఁ దెలిసినదే. మొసలి పట్టిన గజేంద్రుఁడు వేఁడినది తప్పు మన్నింపుమని కాదు, వచ్చి కావుమని. కావున నీ గ్రీకు ధాతువునకు మొఱల సందర్భమునఁ గరుణాశబ్దమును నిలిపిన తెలుఁగు ననువాదకులు మూలము గుర్తెఱిఁగినవారే. తెలుఁగు క్రియ కర్మపదము లేకయే నిలువఁగలుగుటచే మూలమునందలి యనియతత్వమునుగూడ నది కాపాడును. సుంకరి వాక్యమునందు మాత్రము వేఱు ధాతువును దెనిఁగించుటకు వేఱు పదము వాడియున్నచో రోగి మొఱకును బాపి మొఱకును గల భేదము తెలుఁగునను దెలిసియుండును.

రెండు పదముల యీ ప్రార్థన తన యర్థమును దానిలో సంపూర్ణముగా దాఁచికొన్నది కాదు. ఏమి కావలయునో చెప్పక, కావలసినవాఁ డున్నాఁడని మాత్రము చెప్పును. అందుచేతనే శకునము నడుగువాని భయమునకును, గ్రుడ్డివాని కోరికకును, రాజసైన్యపు యుద్ధారంభమునకును, ఒంటరి పథికుని ప్రయాణమునకును నిది యొక్కతీరుగా నుపయోగపడెను. దీనిని గేవలము పాపక్షమావాక్యముగా వ్యాఖ్యానించుట, యెరూషలేమున లెక్కలేని స్వరములతో బదులు పలికిన యా పిల్లల మాటను సగము మాత్రమే వినుటయగును.